సంగటి పొలిమేర

రాగిసంగటిలో పడేవి మూడే: నీళ్ళు, నూకలు, రాగిపిండి. ఉప్పు కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు. తిరగమాత లేదు, నూనె లేదు, మసాలా లేదు. ఇంత తక్కువ సరుకుతో అయ్యే వంట ఇంకొకటి కావాలంటే గంజి దాకా పోవాలి. అయినా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఒకరి వంట చెయ్యి గురించి మాట వస్తే, పులుసు బాగా కాస్తారా అన్నది రెండో ప్రశ్న. ఉండలు కట్టకుండా సంగటి కెలకగలరా అన్నది మొదటిది.

నూకల్ని కడిగి, అన్నానికి పోసేదానికన్నా ఎక్కువ ఎసురు పోసి మెత్తగా ఉడికిస్తారు. మెతుకు వేళ్ళ మధ్య నలిగిపోయే దశలో రాగిపిండిని గిన్నె నడుమ కుప్పగా పోస్తారు. పోసీ పోయగానే కలిపితే పని చెడుతుంది. మంట తగ్గించి, మూతపెట్టి, చుట్టూ ఎసురు తుకతుకమంటూ పిండిలోకి ఎక్కేదాకా వదిలెయ్యాలి. ఆవిరి పైకి రావడానికి తెడ్డు కాడతో కుప్పలో రెండు మూడు కంతలు పొడుస్తారు. పిండి రంగు మారి, పైన బీటలు వచ్చి, పచ్చివాసన పోయాక గిన్నె దించి, కదలకుండా అదిమిపట్టి, కట్టె తెడ్డుతో అడుగు నుంచి కెలుకుతారు. ఆ రెండు నిమిషాలు భుజబలమే. గోధుమపిండిలో ఉండే సాగే గుణం రాగిపిండిలో లేదు. దాన్ని పట్టి ఉంచేది ఉడికిన పిండి జిగటే. అందుకే పిండి సరిగ్గా ఉడక్కముందే తెడ్డు పెడితే పైన ఉడికి లోపల పొడిగా మిగిలిన ఉండలు వస్తాయి. ఒకసారి వచ్చాయంటే ఎంత కెలికినా పోవు. కెలికాక తడిచేసిన గిన్నెలోకి ఇంత తీసి, ఎగరేసినట్టు నాలుగుసార్లు తిప్పితే గుండ్రటి ముద్ద తయారు. చేత్తో చేసేవాళ్ళు పక్కనే చెంబులో నీళ్ళు పెట్టుకుని, చెయ్యి ముంచుకుంటూ కాలకముందే పని కానిస్తారు.

కోలారు దాటి కన్నడ సీమ లోపలికి పోతే, అక్కడ ముద్దె అనే ఈ సంగటిలో నూకలు పడటం తగ్గుతుంది, ఉత్త పిండితోనే కెలుకుతారు. అది నున్నగా, బిగువుగా ఉంటుంది. చిత్తూరు పడమటి సంగటిలో మెతుకులు నాలుక్కి తగులుతాయి, కాస్త మెత్తగా ఉంటుంది. రెంటినీ తినే పద్ధతి మాత్రం ఒకటే. వేళ్ళతో ఇంత గిల్లి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి మింగాలి. నమిలేవాళ్ళకు అంగిలికి అంటుకుంటుంది, ఆ తర్వాత సంగటి మీద ఇష్టం పోతుంది. వేడి తగ్గితే బిగుసుకుంటుంది కాబట్టి సంగటి ముందు కూర్చుని కబుర్లు చెప్పడానికీ వీల్లేదు.

పాత లెక్కలో ముద్ద పెద్దది, కూర చిన్నది. చేను దున్నేవాడికి, బండలు కొట్టేవాడికి పిడికిళ్ళు రెండు కలిపినంత ముద్ద. దాని పక్కన ఊరిబిండి కాస్తో, ఎనిపిన ఆకుకూర గరిటెడో, పచ్చిపులుసో. మాంసం పండగకో, జాతరకో, చుట్టం వస్తేనో. సంగటికి నాటుకోడి పులుసు జోడీ అని ఇప్పుడు ప్రతి హోటలు బోర్డు మీదా కనిపిస్తోంది. ఆ జోడీ నిజమే గానీ ఏడాదికి నాలుగైదుసార్ల నిజం. మిగిలిన రోజుల జోడీ ఊరిబిండి.

ఊరిబిండి అన్నది రోటి పచ్చడికి ఈ సీమలో పేరు. దానికి ముఖ్యం చెనిక్కాయలు. పాఠ్యపుస్తకంలో వేరుశనగ, తెలంగాణలో పల్లీలు, అనంతపురం, కర్నూలు వైపు బుడ్డలు, ఇక్కడ చెనిక్కాయలు. గింజల్ని వేయించి, పొట్టు నలిపి ఊది, కాల్చిన టమాటాలు, మిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ పాయలు, ఇంత చింతపండు, ఉప్పు కలిపి రోట్లో నూరుతారు. ఎర్రగడ్డ చివరన పడుతుంది. అది నలగకూడదు, చితకాలి. ముద్ద ముంచినప్పుడు మెత్తటి చెనిక్కాయ గుజ్జు నడుమ చితికిన ఎర్రగడ్డ ముక్క పంటికింద కరకరమనాలి. మింగే తిండిలో పళ్ళకు దొరికే పని ఆ ఒక్కటే. అదే సరుకు మిక్సీలో తిప్పితే అది చట్నీ, దోసెకు పనికొస్తుంది.

టమాటా ఈ వంటలోకి ఆలస్యంగా వచ్చింది. అమెరికా ఖండం నుంచి ఐరోపావాళ్ళ ఓడల్లో వచ్చిన కాయ, మిరపకాయ లాగే, చెనిక్కాయ లాగే. అంటే ఊరిబిండిలో చింతపండు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు తీసేస్తే మిగిలినవన్నీ ఐదువందల ఏళ్ళ కిందట ఈ నేల మీద లేవు. రాగి కూడా మూలంలో తూర్పు ఆఫ్రికా ఎత్తునేలల పంటే, కాకపోతే అది వచ్చి వేల ఏళ్ళయింది. ‘అచ్చమైన సీమ వంట’ అని గట్టిగా అనేటప్పుడు ఈ సంగతి కాస్త గుర్తుంటే మంచిది. మదనపల్లె టమాటా మార్కెట్టు ఇప్పుడు దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. 2023 జులైలో కిలో ధర వంద దాటి పైపైకి పోయినప్పుడు దేశమంతటి వార్తల్లో ఈ ఊరి పేరు మోగింది. ధర పడిపోయిన ఏడు ఇదే కాయను రోడ్డుపక్కన పారబోసి పోతారు. ఆ రోజుల్లో ఇళ్ళలో పప్పు టమాటా, పులుసు టమాటా, ఊరిబిండి టమాటా. ఎక్కువ పండినప్పుడు ఎక్కువ తినడం తప్ప రైతు ఇంటికి వేరే దారి ఉండదు. చింతపండు పులుపుకు అలవాటుపడిన వంట ఇలా మెల్లగా టమాటా పులుపులోకి జారింది.

చలికాలం వస్తే ఊరిబిండిని పక్కకు నెట్టేది అనపకాయ. మంచు కురిసే నెలల్లో కాపుకొచ్చే ఈ కాయకు మంచు పడితేనే వాసన అంటారు. పచ్చిగింజల్ని ఒలిచి నేరుగా పులుసులో వేసుకోవచ్చు. అసలు దర్జా పితికిపప్పుది. ఒలిచిన గింజల్ని నీళ్ళలో నానబెట్టి, ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే పొట్టు చేతిలో ఉండిపోయి, పసుపుపచ్చటి పప్పు రెండు బద్దలుగా గిన్నెలోకి ఎగిరిపడుతుంది. నలుగురు తినే పప్పుకు ఇంటిల్లిపాదీ గంటసేపు చుట్టూ కూర్చోవాలి. తెల్లగడ్డ, కొబ్బరి, ధనియాలు, లవంగం, చెక్క నూరి పోసి చేసిన పితికిపప్పు పులుసు సంగటికీ, దోసెకూ, అన్నానికీ సరిపోతుంది. సంక్రాంతి రోజుల్లో ఇది లేని ఇల్లు అరుదు.

ఆకుకూరలకు లెక్కలేదు. చేలో కలుపుగా పెరిగే గురుగాకు, చెంచలాకు, గట్ల మీది మునగాకు, అన్నీ కలిపి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తిరగమాత పెడితే పుల్లగూర. కలుపు తీసిన కూలి మనిషి ఒడిలో ఆకు తెచ్చుకోవడం దీనికి ముడిసరుకు. డబ్బులిచ్చి కొనని కూర కాబట్టి దీనికి ఎప్పుడూ పేరు రాలేదు.

ఈ తిండి ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఎందుకు నిలిచిందో చెప్పడానికి వాన చాలు. ఎర్రనేలలు, చిన్న చెరువులు, నమ్మకం లేని వర్షం. రాగి తక్కువ నీటితో పండుతుంది, పైగా పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. కరువు వచ్చిన ఏడు పాతరలో ఉన్న నిరుటి గింజే ప్రాణం నిలబెట్టేది. పదహారో శతాబ్దపు కన్నడ కవి కనకదాసు ‘రామధాన్య చరిత్రె’ నడిచేది ఈ నిలవ గుణం మీదే. వరి, రాగి తమలో ఎవరు గొప్పో తేల్చమంటే, రాముడు రెంటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. బయటికి తీసేసరికి వరి నీరసించిపోతుంది, రాగి చెక్కుచెదరకుండా ఉంటుంది. తీర్పు రాగికి. బయట లోకంలో మాత్రం తీర్పు ఎప్పుడూ వరికే వచ్చింది. వరన్నం పండగ కూడు, సంగటి కూలి కూడు. ఇంటికి చుట్టం వస్తే సంగటి గిన్నె మూతపెట్టి అన్నం వండటం మర్యాద.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడంతో పండగ కూడు రోజువారీ కూడైంది. పేదవాడికి అన్నం పెట్టిన పథకంగా దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. దాంతోపాటు జరిగిన రెండో సంగతి, మెట్టనేలల్లో రాగి, జొన్న, కొర్ర మీద తినేవాడి గిరాకీ పడిపోవడం. చేను అప్పటికే చెనిక్కాయ వైపు తిరిగింది, తర్వాత బోర్లు పడ్డచోట టమాటా, పట్టుపురుగుల కోసం మల్బరీ వచ్చాయి. రెండు తరాల్లో సంగటి పూటపూటా తిండి నుంచి వారానికి రెండుసార్ల తిండి అయింది. ఇప్పుడు చక్కెర జబ్బు భయంతో అదే రాగి పట్నం నుంచి తిరిగొస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక దానికి గౌరవం ఇంకా పెరిగింది. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న మాట నిజం, బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. అలాగని సంగటిని మందులా చూడనక్కర్లేదు. ముద్ద పెద్దదైతే అందులోని పిండిపదార్థమూ పెద్దదే, దాన్ని అరిగించే మట్టిపని ఇప్పుడు చేసేవాళ్ళూ తక్కువే.

పుంగనూరు పేరు చెబితే తిండికన్నా ముందు ఆవు గుర్తొస్తుంది. మూడడుగుల ఎత్తు కూడా దాటని పొట్టి జాతి, కరువు నేలలో కాస్త గడ్డితో బతికేది, పాలు తక్కువ, వెన్న ఎక్కువ. సంగటి మీద వేసుకునే నెయ్యి, మర్నాడు కలుపుకునే మజ్జిగ ఇలాంటి ఆవులవే. సంకరజాతి ఆవులు వచ్చాక ఇది దాదాపు కనుమరుగైంది, పలమనేరు పశుపరిశోధన కేంద్రం పట్టుకుని నిలబెట్టింది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన ఇంట్లో వీటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయి. ఇప్పుడు ఇది లక్షలు పోసి కొని ముచ్చటగా పెంచుకునే ఆవు. కరువు తట్టుకుంటుందని పేదవాడు కట్టేసుకున్న గొడ్డు డబ్బున్నవాడి ముంగిట్లోకి చేరడం, సంగటి కథే, కాకపోతే నాలుగు కాళ్ళ మీద నడిచింది.

పుంగనూరు దగ్గరి బోయకొండ గంగమ్మ గుడి దగ్గర ఈ వంట అసలు కొలతలో కనిపిస్తుంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు కోడినో పొట్టేలునో బలిచ్చి, కొండ దగ్గరే రాళ్ళ పొయ్యి పెట్టి వండుకుంటారు. అక్కడ తలకాయ ఒక గిన్నెలో, బోటి ఒక గిన్నెలో, కూర ఒక గిన్నెలో ఉడుకుతుంటే, పక్కన పెద్ద డేగిసాలో సంగటి. గంగమ్మ జాతరల్లో అమ్మవారికి పోసే అంబలి కూడా ఈ పిండే.

కుప్పంలో ఈ ముద్దకు మూడు పేర్లు. తెలుగువాళ్ళు సంగటి అంటారు, కన్నడంవాళ్ళు ముద్దె అంటారు, తమిళులు కళి అంటారు. ఒకే వీధిలో మూడూ వినబడతాయి. ద్రావిడ భాషలకు ఒక విశ్వవిద్యాలయం పెట్టాలని 1997లో కుప్పాన్ని ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఏలుబడి గీతలు ఈ ప్రాంతం మీద చాలాసార్లు మారాయి. పుంగనూరు ఒక జమీందారీ, కుప్పం వైపు కంగుంది ఇంకొకటి, రెండూ ఉత్తర ఆర్కాటులోవి. మదనపల్లె కడప జిల్లాది. 1911లో చిత్తూరు జిల్లా కట్టినప్పుడు అన్నీ ఒక గూటికి చేరాయి, 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది. ఏ గీత ఎటు జరిగినా సంగటి పొలిమేర మాత్రం జరగలేదు. అది కోలారు, తుముకూరు, హోసూరు, కృష్ణగిరి దాకా వాన తక్కువైన ఎర్రనేల వెంటే నడుస్తుంది, భాషల గీతలను లెక్కచెయ్యదు.

అందుకే ఈ మూడు ఊళ్ళవాళ్ళు రాజధానికి పోయి ఇంటి తిండి వెతుక్కుంటే చిన్న తమాషా జరుగుతుంది. కాగితం మీద రాజధాని ఏదైనా, ఆస్పత్రికీ ఉద్యోగానికీ పెళ్ళిబట్టలకూ వీళ్ళు పోయేది బెంగళూరుకే. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి పనికి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు ఉన్నారు. బెంగళూరులో ‘ఆంధ్రా భోజనం’ అన్న మాటకు గొప్ప పేరుంది. రెసిడెన్సీ రోడ్డులో 1980లలో మొదలైన నాగార్జున, దాని బాటలో నందిని, ఇంకా వీధికొకటి. అరటాకు, ముద్దపప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర, కారం కారంగా కోడివేపుడు. మంచి భోజనమే. కానీ అది వరి పండే డెల్టా తిండి. మదనపల్లె మనిషికి ఆ ఆకు ముందు కూర్చుంటే భాష తనది, రుచి చుట్టాలది.

ఇంటి రుచి దొరికేది తనది కాని భాషలో రాసిన బోర్డు కింద. బెంగళూరులో మాంసం వడ్డించే పాతకాలపు హోటళ్ళను మిలిటరీ హోటళ్ళంటారు. రంగన్న మిలిటరీ హోటలు లాంటిచోట ముద్దె, నాటికోళి సారు, తలకాయ, బోటి అన్నీ ఉంటాయి. స్టీలు పళ్ళెంలో నున్నటి ముద్ద పడి, దాని మీద సారు పోస్తే, నూకలు లేవన్న లోటు తప్ప మిగిలినదంతా పుంగనూరే. జనవరిలో వి.వి.పురం వైపు అవరెకాయ మేళాకు పోతే అనపకాయకూ లోటుండదు. మన అనపకాయే అక్కడి అవరెకాయ, మన పితికిపప్పే హితికిద బేళె. దోసె, ఉప్మా నుంచి జిలేబీ దాకా దాంతో చేసి అమ్ముతారు. జిలేబీ దాకా పోనక్కర్లేదనిపిస్తుంది. ఉడికిన గింజలు పెట్టిన ముసలమ్మ పేరు మీద రాజు ఈ ఊరిని ‘బెంద కాళూరు’ అన్నాడని, అదే బెంగళూరైందని ఒక కథ చెబుతారు. బేగూరులోని తొమ్మిదో శతాబ్దపు శాసనంలోనే బెంగళూరు అన్న మాట ఉంది గనక, హొయసల రాజు పేరుమీద చెప్పే ఆ కథ నిలబడదు. అయినా అనపగింజల కాలంలో ఆ మేళాలో నిలబడితే కథను కొట్టిపారెయ్యబుద్ధి కాదు.

హైదరాబాదులో పద్ధతి వేరు. అక్కడ సంగటి ప్రాంతం పేరుతో దొరుకుతుంది. రాయలసీమ రుచులు, కృతుంగ లాంటి హోటళ్ళు సీమ వంటను ఒక ప్రత్యేకమైన వంటగా నిలబెట్టాయి, అది చిన్న పని కాదు. ఢిల్లీలో అశోకా రోడ్డు ఆంధ్రాభవన్ క్యాంటీన్ ముందు వరసలో నిలబడేవాళ్ళలో తెలుగువాళ్ళకన్నా పరాయివాళ్ళే ఎక్కువ అంటారు. అక్కడిదీ అన్నం, పప్పు, పొడి, పచ్చడి భోజనమే.

హైదరాబాదు హోటల్లో సంగటి వచ్చే తీరు గమనించదగ్గది. పెద్ద పింగాణీ పళ్ళెంలో నిమ్మకాయంత కాకపోయినా, నారింజకాయను మించని ముద్ద. పక్కన గిన్నెనిండా నాటుకోడి పులుసు, ఎముకలు పైకి తేలుతూ. ముద్ద నడుమ గుంటలో నెయ్యి. ఊరిలో ముద్దకు కూర తోడు, ఇక్కడ కూరకు ముద్ద తోడు. ఊరిబిండి ఉంటే చిన్న కప్పులో ఉంటుంది, చాలాచోట్ల ఉండదు. పుల్లగూర అసలే ఉండదు. హోటలువాడి తప్పు ఇందులో ఏమీ లేదు. చేనిగట్టు ఆకుకు ఎవరూ మూడు వందలు ఇవ్వరు.

ఇది ఈ సీమ ఒక్కదాని సంగతి కాదు. హంగేరీలో గుయాష్ అంటే పశువుల కాపరి. మైదానాల్లో మంద వెంట తిరిగే వాళ్ళు మూడు కర్రల మీద బాన వేలాడదీసి కాచుకున్న మాంసం పులుసుకు వాళ్ళ పేరే వచ్చింది. దాన్ని ఎర్రగా చేసే మిరపపొడి కూడా అమెరికా సరుకే, తురకల పాలన రోజుల్లో అక్కడికి చేరింది. సెగెడ్ ఊరి మిరపకాయల నుంచి విటమిన్ సి పెద్దమొత్తంలో తీసిన సెంట్‌గ్యోర్గీకి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్ట్రియా ఏలుబడి మీద తమ ప్రత్యేకత చూపుకోవలసివచ్చిన కాలంలో పెద్దింటివాళ్ళు కాపరి పులుసును జాతి వంటగా ఎత్తుకున్నారు. ఇవాళ బుడాపెస్టు హోటళ్ళలో బుల్లి బానలో పెట్టి బల్ల మీదికి తెస్తారు. అక్కడ బాన చిన్నదైంది, ఇక్కడ ముద్ద చిన్నదైంది.

సొంత ఊళ్ళలో కూడా హోటలు సంగటి ఈ మధ్యదే. ఇంట్లో రోజూ ఉన్నదాన్ని బయట డబ్బులిచ్చి తినాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు మదనపల్లె నుంచి బెంగళూరు పోయే దారిలో ‘రాగిసంగటి, నాటుకోడి’ బోర్డులు వరసగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల కట్టెల పొయ్యి కనబడేలా ముందే పెడతారు. ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి పనికొచ్చే గుర్తు ఒక్కటి: మధ్యాహ్నం రెండు దాటాక ‘సంగటి అయిపోయింది’ అని చెప్పే హోటలు మంచిది. రాత్రి పదింటికీ వేడిగా ఉందనేచోట దాన్ని ఆవిరి మీద నిలవ పెట్టారని అర్థం. ఆ ముద్ద పైన తోలు కట్టి ఉంటుంది, గిల్లితే సాగుతుంది.

ఒక వంటకం మాత్రం ఏ రాజధానిలోనూ, ఏ బోర్డు మీదా దొరకదు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్ళలో వేసి పెడితే తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. దాన్ని చేత్తో పిసికి, పల్చటి మజ్జిగ పోసి, ఉప్పు రాయి కరిగించి, ఎర్రగడ్డ నంజుకుంటూ చెంబుతో తాగేస్తే మధ్యాహ్నం దాకా చేలో ఆకలి తెలియదు. అదే సద్దిసంగటి. రాత్రి మిగిలితేనే అది ఉంటుంది. లెక్కపెట్టి ముద్దలు చేసే హోటల్లో మిగలదు, మిగిలినా పొద్దున్నే చెత్తబండి ఎక్కుతుంది.